హెచ్చరిక: మీ అలారం ప్యానెల్‌కు మీరేం చెప్పి ఉంచారు?

మీ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గదిలో, మీ పిల్లలుండే హాస్టల్ రిసెప్షన్ వెనక, మీరు పనిచేసే ఆఫీసు మెట్ల పక్కన గోడకు ఒక అలారం ప్యానెల్ ఉంటుంది. దాని మీద ‘ఫాల్ట్’ అనో ‘డిసేబుల్డ్’ అనో రాసి ఉన్న చోట పసుపు దీపం వెలుగుతోందేమో ఈ రోజే వెళ్లి చూడండి. వెలుగుతుంటే ఆ భవనంలో ఏదో ఒక భాగానికి ఈ క్షణాన రక్షణ లేకపోవచ్చు. అక్కడ పొగ లేచినా హూటర్ మోగుతుందన్న భరోసా లేదు.

దీపం వెలగకపోయినా నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. తీగ తెగితే, బ్యాటరీ దిగిపోతే ప్యానెల్ చెబుతుంది. సెట్టింగు తప్పుగా ఉంటే మాత్రం చెప్పదు. తనకు ఏం చెప్పి ఉంచారో అదే చేస్తుంది.

డిటెక్టర్ పని పొగను పసిగట్టడం వరకే. ఆ తర్వాత ఏం జరగాలో ప్యానెల్‌లో ముందే రాసిపెట్టి ఉంటుంది. హూటర్ వెంటనే మోగాలా, కాసేపు ఆగాలా? ఒక్క అంతస్తులో మోగాలా, భవనమంతా మోగాలా? లిఫ్టులు కిందికి దిగిపోవాలా? కార్డు పెడితే తెరుచుకునే తలుపులు వాటంతటవే తెరుచుకోవాలా? ఎవరి ఫోనుకు కాల్ వెళ్లాలి? కొనేటప్పుడు బ్రాండ్ అడుగుతాం, ధర అడుగుతాం, వారంటీ అడుగుతాం. ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు మాత్రం చాలా అరుదు. చివరికి వాటికి జవాబు రాసేది టెక్నీషియన్. తొందరలో ఉన్నాడంటే కంపెనీ పంపిన సెట్టింగులనే అలాగే వదిలేస్తాడు. ఆ భవనంలో ఎవరెవరు నిద్రపోతారో, ఎవరు మెట్లు దిగలేరో అతనికి తెలియదు. అది తెలిసిన మనం ప్యానెల్ వంక చూడం.

ఈ ఉదాసీనత ఎంత ప్రమాదకరమో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు.

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలిపోయింది. అప్పుడు దాని మీద 126 మంది ఉన్నారు. 11 మంది చనిపోయారు. జులైలో జరిగిన విచారణలో ఆ రిగ్గు చీఫ్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ మైక్ విలియమ్స్ సాక్ష్యం చెప్పాడు. జనరల్ అలారాన్ని ‘ఇన్‌హిబిట్’ చేసి ఉంచారన్నాడు. అంటే సెన్సర్లు గ్యాస్‌నో మంటనో పసిగడితే ఆ సంగతి కంట్రోల్ రూములో తెర మీద కనిపిస్తుంది గానీ, రిగ్గంతటా అలారం దానంతటది మోగదు. ఎందుకలా పెట్టారంటే, తెల్లవారుజామున 3 గంటలకు తప్పుడు అలారాలతో జనాన్ని నిద్ర లేపడం ఇష్టం లేకనని తనకు చెప్పారన్నాడు. రిగ్గు యజమాని అయిన ట్రాన్స్‌ఓషన్ ఆ పద్ధతిని సమర్థించుకుంది. అవసరమైనప్పుడు సిబ్బంది చేత్తో మోగించుకోవచ్చన్నది దాని వాదన. ఆ రాత్రి గ్యాస్ హెచ్చరికలు తెర మీద వరసగా పడుతున్నా, అలారం మోగించాలా వద్దా అన్న నిర్ణయం కంగారులో ఉన్న మనుషుల చేతిలో మిగిలింది. ప్రమాదం ముంచుకొచ్చిందని చాలామందికి తెలిసింది పేలుడు వల్లే.

రెండోది మన విశాఖపట్నంలో జరిగింది. 2020 మే 7న తెల్లవారుజామున 3 గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఇళ్ల మీదికి పాకింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి రోడ్ల మీద కుప్పకూలారు. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. గేటుతో సహా 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఆ కర్మాగారంలో ఉన్నా దాన్ని వాడలేదని తేల్చింది. ఒకచోట కాకపోతే మరోచోట నొక్కడానికి వీలుంది. నొక్కే చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

సముద్రం మధ్య రిగ్గుకీ, ఊరి పక్క కర్మాగారానికీ పోలిక లేదు. రెండు చోట్లా జరిగిన తప్పు మాత్రం ఒకే జాతిది. ఆపద వేళ ఎవరో ఒకరు ఆలోచించి మోగిస్తారులే అనుకున్నారు. అర్ధరాత్రి, సగం నిద్రలో, ఒంటరిగా ఉన్న మనిషి మీద అంత బరువు మోపకూడదు. మోగాలా వద్దా అన్నది పగటిపూట, నలుగురూ కూర్చుని, ముందే తేల్చాల్సిన విషయం.

పైగా పొగ మనకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. 2020 ఆగస్టు 9న తెల్లవారుజామున విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో నడుస్తున్న కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి 10 మంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. 2025 మే 18న ఉదయాన్నే హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. ఈ ప్రమాదాల కారణాలు వేర్వేరు. వాటిని ప్యానెల్ సెట్టింగులకు అంటగట్టడం లేదు. పొగ ఎంత త్వరగా దారి మూసేస్తుందో గుర్తుచేయడానికే ఈ పేర్లు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. నిద్రపోతున్న మనిషిని అది లేపదు, ఇంకా గాఢమైన మత్తులోకి తోస్తుంది. అతన్ని లేపగలిగింది శబ్దమే. ఆ శబ్దం రెండు నిమిషాలు ముందు వస్తే మెట్లు కనిపిస్తాయి. రెండు నిమిషాలు ఆలస్యమైతే కనిపించకపోవచ్చు.

మరి మన భవనాల్లో అలారాల నోరు ఎలా మూసుకుపోతోంది? చెడ్డ ఉద్దేశంతో ఎవరూ ఆపరు. వంటింటి తాలింపు పొగ, సాయంత్రం సాంబ్రాణి, గృహప్రవేశం హోమం, దోమల మందు ఫాగింగ్, పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోసిన దుమ్ము. ఏదో ఒక దానికి అర్ధరాత్రి హూటర్ మోగుతుంది. పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, పెద్దవాళ్లు కంగారుపడతారు. కిందికి దిగిన ప్రతి ఒక్కరూ సెక్యూరిటీ గార్డు మీద కేకలేస్తారు. మూడోసారి కూడా అలాగే జరిగాక అసోసియేషన్ సెక్రటరీ టెక్నీషియన్‌ను పిలుస్తాడు. ‘ప్రస్తుతానికి ఆ జోన్ (ప్యానెల్ ఒక్కటిగా చూసే భవన భాగం) ఆపేయి, తర్వాత చూద్దాం’ అంటాడు. ఆ ‘తర్వాత’ రాదు. పెయింటింగ్ పనులప్పుడు డిటెక్టర్లకు తొడిగిన ప్లాస్టిక్ మూతలు కూడా ఇలాగే ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

తప్పుడు అలారానికి మందు జోన్ ఆపేయడం కాదు, అది ఎందుకు మోగిందో కనుక్కోవడం. వంటింటి దగ్గర పొగ డిటెక్టర్ బదులు వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ పెట్టవచ్చు. దుమ్ము పట్టినదాన్ని శుభ్రం చేయించవచ్చు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉంటే జరపవచ్చు. పనులు జరిగే రోజుల్లో ఆ ఒక్క డిటెక్టర్‌ను మాత్రమే, పని జరిగే గంటల్లో మాత్రమే ఆపి, సాయంత్రం మళ్లీ కలపవచ్చు. ఇవన్నీ చిన్న ఖర్చుతో అయ్యే పనులు.

ఇక సెట్టింగుల దగ్గరికి వద్దాం. ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా ఐదున్నాయి.

మొదటిది ఆలస్యం. డిటెక్టర్ పొగ పసిగట్టగానే భవనమంతా హోరెత్తించకుండా, సిబ్బంది వెళ్లి చూసేందుకు కొంత వ్యవధి ఇచ్చే ఏర్పాటు చాలా ప్యానెళ్లలో ఉంటుంది. ఆస్పత్రుల్లాంటి చోట్ల దానికి అర్థం ఉంది. అయితే దానికి కచ్చితమైన హద్దులుండాలి. అమెరికాలో ఫైర్ అలారాలకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రమాణం చూడండి. అలారం వచ్చిన 15 సెకన్లలో ప్యానెల్ దగ్గరున్న మనిషి తాను చూశానని బటన్ నొక్కాలి. నొక్కితేనే, వెళ్లి చూసి రావడానికి 180 సెకన్ల వరకు గడువు దొరుకుతుంది. నొక్కకపోతే హూటర్లు వెంటనే మోగుతాయి. ఈలోగా రెండో డిటెక్టర్ పొగ పసిగట్టినా గడువు రద్దవుతుంది. మనిషి ఉంటేనే ఆలస్యం అన్నది దీని సారం. రాత్రి ప్యానెల్ దగ్గర ఎవరూ ఉండని భవనంలో నిమిషాల తరబడి ఆలస్యం పెట్టారంటే, అన్ని నిమిషాలూ మంటకు ఇచ్చినట్టే. రాత్రిపూట మేలుకొని ఉండే మనిషి లేకపోతే ఆలస్యం సున్నా ఉండాలి. అద్దం పగలగొట్టి నొక్కే ఎర్ర పెట్టెకు పగలైనా రాత్రయినా ఆలస్యం పెట్టకూడదు.

రెండోది జోన్ రకం. చిన్న షాపులు, గోదాములు, క్లినిక్‌లు, విడి ఇళ్లలో దొంగల అలారం ప్యానెల్‌కే ఒక పొగ డిటెక్టర్ కూడా తగిలిస్తారు. తలుపులకు, కిటికీలకు పెట్టిన జోన్లు రాత్రి తాళం వేసి అలారం ఆన్ చేశాకే పనిచేస్తాయి. పొగ డిటెక్టర్ జోన్‌ను కూడా అదే రకంగా పెట్టారంటే, పగలు షాపు నిండా జనం ఉన్నప్పుడు మంట లేచినా అలారం మోగదు. పొగ జోన్‌ను తప్పనిసరిగా ‘24 గంటల ఫైర్’ రకంగా పెట్టించాలి. దొంగల అలారం శబ్దం, మంటల అలారం శబ్దం వేర్వేరుగా ఉండాలి. కొన్ని నిమిషాల తర్వాత సైరన్ దానంతటదే ఆగిపోయే సెట్టింగు దొంగల అలారానికి సరిపోతుందేమో గానీ మంటల అలారానికి పనికిరాదు.

మూడోది అలారంతో ముడిపడిన మిగతా పనులు. అయస్కాంత తాళాలున్న తలుపులు అలారం రాగానే తెరుచుకోవాలి. ఆఫీసుల్లో, అమ్మాయిల హాస్టళ్లలో ఇది జీవన్మరణ సమస్య. లిఫ్టులు కిందికి వచ్చి తలుపులు తెరిచి నిలబడాలి. పొగను అంతస్తులకు పంచే ఏసీ ఫ్యాన్లు ఆగాలి. మెట్లదారిలోకి గాలి నింపే ఫ్యాన్లు తిరగాలి. నేలమాళిగలో ఉన్న ఫైర్ పంపు స్విచ్ ‘ఆటో’లో ఉండాలి. దాన్ని ‘మాన్యువల్’లో వదిలేస్తే పైన స్ప్రింక్లర్ పగిలినా పంపు కదలదు, పైపుల్లో ఉన్న నీళ్లతోనే సరి.

నాలుగోది ఫోన్ కాల్. అలారం రాగానే ఫోన్ చేసే ఆటో డయలర్‌లో మొదటి నంబరు మూడేళ్ల క్రితం మానేసిన మేనేజరుదైతే కాల్ ఎవరికి వెళ్తున్నట్టు? అందులోని సిమ్ రీచార్జి అయిపోయి ఉంటే కాల్ అసలు బయటికే పోదు. పాత డయలర్లు 2జీ మీదే పనిచేస్తాయి. 4జీ నుంచి మొదలైన జియో సిమ్ వాటిలో పనిచేయదు. కనీసం ముగ్గురి నంబర్లు ఉండాలి. ఆ ముగ్గురిలో ఒకరైనా రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టని మనిషై ఉండాలి. కాల్ అందుకున్నవాళ్లు వెంటనే 101కి గానీ 112కి గానీ చెప్పాలని వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఐదోది తీగ తెగితే ఏం జరగాలన్నది. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలోని బ్యాంకు శాఖలో దొంగలు అలారం, సీసీ కెమెరాల తీగలు కత్తిరించి, గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి, కిలోల కొద్దీ తాకట్టు బంగారం ఎత్తుకెళ్లారు. అది రైతుల, కూలీల ఇళ్ల బంగారం. తీగ తెగడాన్నే అలారంగా భావించేలా ప్యానెల్‌ను పెట్టవచ్చు. అందుకు లైన్ చివర, డిటెక్టర్ దగ్గర చిన్న రెసిస్టర్ పెట్టాలి. పని తొందరగా తెమల్చడానికి కొందరు దాన్ని ప్యానెల్ డబ్బాలోనే బిగిస్తారు. అలా చేస్తే లైన్ పరిస్థితి ఏమిటో ప్యానెల్ సరిగా కనిపెట్టలేదు. బయటి సైరన్‌కు సొంత బ్యాటరీ ఉంటే తీగలు కత్తిరించినా అది మోగుతుంది. బ్యాంకులు, నగల దుకాణాలు మరొకటి కూడా చూసుకోవాలి. క్యాష్ కౌంటర్ కింద ఉండే పానిక్ స్విచ్ నొక్కితే అక్కడికక్కడ సైరన్ మోగకూడదు. కత్తి పట్టుకున్నవాడు ఎదురుగా ఉండగా ఆ శబ్దం ఉద్యోగి ప్రాణానికే ముప్పు. కబురు చప్పుడు లేకుండా బయటికి వెళ్లాలి.

ఇన్ని సెట్టింగుల మధ్య మనం మరిచిపోయేది సెక్యూరిటీ గార్డును. అతని జీతం తక్కువ, డ్యూటీ 12 గంటలు. ప్యానెల్ మీద రాతలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. అతను శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, బీహార్ నుంచో వచ్చి ఉంటాడు. అతనికి నేర్పింది ఒక్కటే: మోగితే సైలెన్స్ బటన్ నొక్కు. అలారం మోగినందుకు తిట్లు తిన్న మనిషి, రేపు నిజంగా మంట లేచినా ముందు ఆ బటనే నొక్కుతాడు. ఆ తప్పు అతనిది కాదు. వెళ్లి చూశాక, మంట లేదని తేలాకే ఆపాలని, అనుమానం ఉంటే మోగనివ్వాలని, అలా మోగనిచ్చినందుకు ఎవరూ ఒక్క మాట అనరని అతనికి స్పష్టంగా చెప్పండి. అతనికి వచ్చిన భాషలోనే చెప్పండి.

ఈ వారం లోపల ప్రతి అసోసియేషన్, హాస్టల్, ఆస్పత్రి, స్కూలు, షాపు యాజమాన్యం చేయాల్సినవి ఇవి:

1. ప్యానెల్‌లో ఆపేసి ఉన్న జోన్లు, డిటెక్టర్ల జాబితా తీయించండి. ఒక్కొక్కటి ఎవరు ఆపారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు అని రాయించండి. కారణం లేనివన్నీ ఆ రోజే కలపండి.

2. వెంటనే కలపలేని జోన్ ఉంటే ఆ భాగంలో రాత్రంతా తిరిగే మనిషిని పెట్టండి. 24 గంటల్లో 4 గంటలకు మించి అలారం పనిచేయకపోతే కాపలా మనిషిని పెట్టాలని, లేదా భవనం ఖాళీ చేయించాలని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. మన ప్రాణాలకు అంతకంటే తక్కువ జాగ్రత్త చాలదు.

3. ఏ డిటెక్టర్ మోగితే ఏమేం జరగాలో ఒక పట్టిక టెక్నీషియన్ చేత రాయించి సంతకం తీసుకోండి. దాన్ని తెలుగులో, గార్డుకు వచ్చిన భాషలో ప్యానెల్ పక్కన అతికించండి.

4. పట్టికలో రాసినవన్నీ నిజంగా జరుగుతున్నాయో లేదో పరీక్షించండి. ఒక్క హూటర్ మోగగానే సంతృప్తిపడి ఆపేయవద్దు. తలుపులు తెరుచుకున్నాయా, లిఫ్టులు దిగాయా, ఫోన్ వచ్చిందా, పడకగదిలో తలుపు మూసుకున్నా శబ్దం వినిపించిందా అని చూడండి. పరీక్షకు ముందు అందరికీ చెప్పండి.

5. కరెంటు ఆపి, బ్యాటరీ మీద పరీక్ష చేయండి. వేసవి వేడికి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి.

6. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చండి. కొత్తది ఇద్దరు బాధ్యుల దగ్గర ఉండాలి. ఎప్పుడు ఏ సెట్టింగు మార్చినా రిజిస్టరులో తేదీతో, సంతకంతో రాయాలి.

అలారాలు అమ్మేవాళ్లకు, వార్షిక నిర్వహణ ఒప్పందాలు (ఏఎంసీలు) చూసేవాళ్లకు ఒక మాట. కస్టమరు అడిగాడని జోన్ ఆపేసి వెళ్లడం సర్వీసు కాదు. ఆపాల్సివస్తే దాని పర్యవసానం కాగితం మీద రాసి ఇవ్వండి, తిరిగి కలిపే తేదీ వేయండి. ప్రోగ్రామింగ్ పాస్‌వర్డును మీ దగ్గరే బిగబట్టి యజమానిని గుప్పిట్లో పెట్టుకోవడం మానండి.

అగ్నిమాపక శాఖ అధికారులకు విన్నపం. తనిఖీలో సిలిండర్ల మీద తేదీలు, గొట్టాలు, మెట్ల వెడల్పు చూస్తున్నారు. ప్యానెల్ ముందు కూడా పది నిమిషాలు నిలబడండి. ఆపేసిన జోన్ల జాబితా, ఆలస్యం సెట్టింగు అడగండి. ఫైర్ అలారాల అమరికకు ఐఎస్ 2189 ఉంది, జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో నాలుగో భాగం మొత్తం అగ్ని భద్రతకే కేటాయించి ఉంది. కాగితం మీద ఎన్‌ఓసీ ఇచ్చిన రోజున అన్నీ మోగి ఉండవచ్చు. మరుసటి నెల నుంచి మోగుతున్నాయా అన్నది అసలు ప్రశ్న. ఏటా ఒకసారైనా ముందు చెప్పకుండా వెళ్లి మోగించి చూడండి.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు, హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు కూడా బాధ్యత ఉంది. వచ్చే మీటింగులో నీళ్ల బిల్లు కంటే ముందు ప్యానెల్ సంగతి అడగండి. హాస్టల్‌లో ఫీజు కట్టే రోజున రిసెప్షన్ వెనక్కి వెళ్లి పసుపు దీపం చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని చోట బిడ్డను ఉంచవద్దు. అర్ధరాత్రి తప్పుడు అలారం మోగితే విసుక్కోకండి, కిందికి దిగండి, ఎందుకు మోగిందో తెలుసుకుని మర్నాడు దాన్ని బాగుచేయించండి. నిద్ర చెడితే మర్నాడు పడుకోవచ్చు. అలారాన్ని ఆపేయమని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఎందుకంటే ఆ హూటర్ మీ ఒక్క ఇంటి కోసం లేదు, పై అంతస్తులో మంచం దిగలేని ముసలమ్మ కోసం, పక్క ఫ్లాట్‌లో పసిబిడ్డ కోసం కూడా ఉంది.